పొక్కు తేలకముందే ఫోన్ చేయండి!

ఎండలు మొదలవుతున్నాయంటే మన ఊళ్లలో ఏదో ఒక ఇంట్లో ఆటలమ్మ పోస్తుంది. గుమ్మానికి వేపమండలు కడతారు. పోచమ్మకు మొక్కుకుంటారు. వారం పది రోజుల్లో పొక్కులు మాడిపోతాయి. తలకు పోసి బిడ్డను మళ్లీ బడికి పంపుతారు. చాలామంది పిల్లలకు అంతటితో సరి. అదే ఇంట్లోనో, పక్కింట్లోనో క్యాన్సర్‌కు మందులు వాడుతున్న చిన్నారి ఉంటే మాత్రం అది ప్రాణం మీదికొచ్చే సంగతే.

పిల్లల్లో ఎక్కువగా కనిపించేది అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అనే రక్త క్యాన్సర్. దీని చికిత్స రెండు నుంచి మూడేళ్లు సాగుతుంది. తొలి నెలలు హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి లాంటి చోట్ల గడిచినా, తర్వాత చాలాకాలం పిల్లలు ఇంటి దగ్గరే ఉండి మాత్రలు మింగుతారు. జుట్టు మళ్లీ వస్తుంది. ఆటపాటల్లో పడతారు. ‘ఇక నయమైపోయింది’ అనిపిస్తుంది. కానీ ఆ మాత్రలు వైరస్‌లతో పోరాడే తెల్ల రక్తకణాలను కూడా అణచిపెడుతుంటాయి. అలాంటి ఒంట్లో ఆటలమ్మ వైరస్ చర్మం దగ్గరే ఆగదు. ఊపిరితిత్తులకు, కాలేయానికి, మెదడుకు పాకవచ్చు. కొందరిలో పొక్కులు తేలకముందే కడుపులో విపరీతమైన నొప్పి వస్తుంది.

మరేం చేయాలి?

ఆటలమ్మ వచ్చినవారి దగ్గర మీ బిడ్డ కాసేపు ఆడుకున్నా, ఒకే గదిలో ఉన్నా ఆ రోజే చికిత్స చేస్తున్న డాక్టర్‌కు ఫోన్ చేయండి. పొక్కులు రావడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఈ వైరస్ ఇతరులకు అంటుకుంటుంది. అంటుకున్నాక బయటపడటానికి 10 నుంచి 21 రోజులు పడుతుంది. మనకు చిక్కే గడువు ఇదే. యాంటీబాడీల ఇంజెక్షన్ ఇవ్వాలన్నా, ముందుజాగ్రత్తగా మాత్రలు మొదలుపెట్టాలన్నా తొలిరోజులే కీలకం. క్యాన్సర్ మందులు ఆపాలా, కొనసాగించాలా అన్నది డాక్టరే చెప్పాలి. మీ అంతట మీరు ఆపొద్దు.

పొక్కులు కనిపిస్తే ఆలస్యం వద్దు. ఎసైక్లోవిర్ మందును నరంలోకి ఎక్కిస్తారు. గెర్ట్రూడ్ ఎలియన్ అనే శాస్త్రవేత్త బృందం కృషి ఫలితమిది. లుకేమియా పిల్లలు ఇంట్లో వేసుకునే 6-మెర్కాప్టోప్యూరిన్ కూడా ఆమె, జార్జి హిచింగ్స్ కలిసి తయారుచేసిందే. ఇద్దరికీ 1988లో నోబెల్ వచ్చింది. మందు ఉంది. వేళకు అందించడమే మన పని.

ఆసుపత్రికి బయల్దేరే ముందు విషయం చెప్పండి. నేరుగా వెళ్లి వార్డులో కూర్చుంటే అక్కడున్న మిగతా చిన్నారులకూ అంటుకుంటుంది.

జ్వరం 100.4 డిగ్రీలు దాటితే అర్ధరాత్రయినా ఆగొద్దు. హైదరాబాద్ కరీంనగర్‌కు 160 కిలోమీటర్లు, ఆదిలాబాద్‌కు సుమారు 300 కిలోమీటర్ల దూరం. ముందు దగ్గర్లోని పెద్దాసుపత్రికి, ఆదిలాబాద్‌లో అయితే రిమ్స్‌కు వెళ్లి చికిత్స ఫైలు చూపించండి. అక్కడి నుంచే మీ డాక్టర్‌తో మాట్లాడించండి. ఊళ్లో సూది వేయించి తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు.

టీకాల సంగతీ తెలుసుకోవాలి. చికిత్స జరుగుతున్న బిడ్డకు ఆటలమ్మ, తట్టు లాంటి సజీవ టీకాలు వేయించకూడదు. ఆటలమ్మ రాని అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు ఆ టీకా వేయిస్తే ఇంట్లోకి వైరస్ రాకుండా అడ్డుగోడ కట్టినట్టే. వారికి పోలియో చుక్కలు వేయించే ముందు మాత్రం డాక్టర్‌ను అడగండి. ఇంట్లో పెద్దలు ఏటా ఫ్లూ టీకా తీసుకుంటే మరీ మంచిది.

బడిలో టీచర్‌కూ, ఇరుగుపొరుగుకూ బిడ్డ జబ్బు గురించి చెప్పి ఉంచండి. దాచిపెడితే, ఎవరింట్లో అమ్మవారు పోసిందో మీకు చెప్పేవారుండరు. పోచమ్మకు మొక్కుకోవచ్చు. అంతకుముందే ఆసుపత్రికి ఫోన్ వెళ్లాలి.