పాత కార్లు తూకానికి పోవలసిందేనా?

అంబాసిడర్ కారు తయారీ 2014లో ఆగిపోయింది. విడిభాగం కావాలంటే పాత సామాన్ల కొట్లు గాలించాలి, లేదా లేతు మీద చేయించుకోవాలి. అయినా కొందరు మిత్రులు ఆదివారాలు ఒకరి ఇంటి షెడ్డులో చేరి, తుప్పు గీకి, కార్బురేటర్ విప్పి, పాత బండ్లకు ప్రాణం పోస్తున్నారు. ఇది డబ్బున్నవారి సరదా అని కొట్టిపారేయరాదు. చప్పుడు విని ఇంజను లోపం పట్టే ముసలి మేస్త్రీల పనితనం నిలిచేది ఆ షెడ్లలోనే.

కేంద్రం 2021లో 50 ఏళ్లు దాటిన బండ్లకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ కల్పించింది. అసలు రూపం మారరాదన్న షరతు సబబే. కాని ఫీజు 20,000 రూపాయలు! రోజువారీ తిరగడానికీ, కిరాయికీ వీల్లేని బండికి ఇంత భారమా? పల్లె మేస్త్రీ ఎక్కడి నుంచి తెస్తాడు? ఫీజు తగ్గించాలి. ఐ.టి.ఐ. విద్యార్థులను ఆ షెడ్లకు పంపి పని నేర్పించాలి. లేకుంటే బండ్లతో పాటు పనితనమూ పాత ఇనుము కింద పోతుంది.