స్నానానికి నీళ్లు ఎలా కాచుకుందాం?

చలిదేశాల ఇళ్లలో నూనె మండించే బాయిలరు ఉంటుంది. అందులో కాగిన నీళ్లు గొట్టాల గుండా గదిగదికీ తిరిగి ఇల్లంతా వెచ్చబరుస్తాయి. మన దిల్‌సుఖ్‌నగర్‌లో, ఎల్.బి.నగర్‌లో ఆ అవసరం లేదు. పుష్యమాసంలో కూడా దుప్పటి చాలు. మనకు కావలసిందల్లా స్నానానికి ఒక బకెట్టు వేడినీళ్లు.

అమ్మమ్మగారింట్లో రాగి బాయిలరు చూశారా? మధ్యనున్న నిలువు గొట్టంలో బొగ్గులో, పుల్లలో మండుతాయి. చుట్టూ నీళ్లుంటాయి. చలిదేశపు బాయిలరు సూత్రమూ ఇదే. అయితే మనది పెరట్లో ఉండేది. పొగ ఆకాశంలోకి పోయేది. ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఇప్పుడు చిన్న లెక్క. 15 లీటర్ల నీటిని 20 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు తేవాలంటే 300 కిలోకేలరీల వేడి కావాలి. ఒక యూనిట్ కరెంటు సుమారు 860 కిలోకేలరీలకు సమానం. అంటే బకెట్టుకు యూనిట్‌లో మూడో వంతు పైచిలుకు. గీజరులో కరెంటు దాదాపు అంతా వేడిగానే మారుతుంది. మరి లోపమెక్కడ? బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రంలో పుట్టిన వేడిలో రమారమి మూడో వంతే కరెంటవుతుంది. దాన్ని మళ్లీ వేడిగా మార్చడం, తల చుట్టూ చేయి తిప్పి ముక్కు చూపించడమే!

గ్యాసు గీజరుతో ఆ తిప్పలు లేవు. కాని దాన్ని స్నానాలగదిలో పెట్టడానికి నేను సుతరామూ ఒప్పుకోను. తలుపు మూసిన చిన్నగదిలో ఆక్సిజన్ తగ్గగానే గ్యాసు సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్న 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ప్రమాదం తెలిసేలోపే మనిషి స్పృహ తప్పుతాడు. మీ ఇంట్లో అలా ఉంటే ఇవాళే పెద్దవాళ్లకు చెప్పి బయటికి మార్పించండి.

డాబా మీదే అయితే సౌర హీటరే మేలని నా అభిప్రాయం. మన ఊరు భూమధ్యరేఖకు ఉత్తరాన సుమారు 17 డిగ్రీల దగ్గరుంది కనుక పలకను దక్షిణానికి వాల్చాలి. అయిదంతస్తుల ఫ్లాట్లలో మాత్రం చిక్కుంది. కింది అంతస్తుకు వేడినీళ్లు దిగేలోపు గొట్టంలోని చన్నీళ్లన్నీ పారబోయాలి. ఎండాకాలంలో ట్యాంకర్ల కోసం ఎదురుచూసే కాలనీల్లో అది తగునా? అక్కడ చిన్న కరెంటు గీజరే నయం. బోరునీళ్లయితే దాని కడ్డీకి తెల్లటి పెచ్చు కడుతుంది. వేడి నీటిలోకి పోక కడ్డీ కాలిపోతుంది. ఏడాదికోసారి మెకానిక్ చేత గీకించండి.