ఆకలి తెలిసిన ఇంటికి ఆహారశాస్త్రం అందాలి

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన పరిశోధనల ఫలితంగానే 1945లో ఫోలిక్ ఆమ్లం కృత్రిమంగా తయారైంది. ఇవాళ గర్భిణులకు, పాఠశాలల్లో కిశోర బాలికలకు పంచుతున్న ఐరన్ మాత్రల్లో ఐరన్‌తో పాటు ఉన్నది ఆ ఫోలిక్ ఆమ్లమే. గోదావరి జిల్లాలు ఈ పేరు చెప్పుకొని గర్విస్తాయి, గర్వించాలి కూడా. అయితే ఆ జీవితకథలో మనం తరచుగా దాటవేసే వాక్యం ఒకటుంది. డబ్బులేని ఆ బ్రాహ్మణ యువకుడు అమెరికా ఓడ ఎక్కడానికి ఒక ఆసరా ఆయన మామగారు సమకూర్చిన సొమ్ము. మరో ఆసరా కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన సహాయ హామీ. సత్యలింగ నాయకర్ అగ్నికుల క్షత్రియుడు, అంటే మత్స్యకార సమాజానికి చెందినవాడు. రంగూన్‌లో గడించిన సంపదను ఆయన విద్యకు, ధర్మకార్యాలకు రాసిపోయాడు.

ప్రతిభ ఒక్కటే సముద్రం దాటించలేదని, దానికి వెనుక నిలిచే సొమ్ము కావాలని ఆ వాక్యం చెబుతోంది. ఆ సొమ్ము మత్స్యకారుడి కష్టార్జితం. వందేళ్ల తరువాత అదే డెల్టాలో ఒక మత్స్యకారుడి కూతురో, మాలపల్లె నుంచి వచ్చిన కూలీ బిడ్డో డిగ్రీలో పోషకాహార శాస్త్రం చదివి, డైటెటిక్స్‌లో పైచదువుకు విదేశం వెళ్లాలనుకుంటే ఆమె వెనుక నిలిచేదెవరు? ఇది ఒక విద్యార్థిని వ్యక్తిగత సమస్యగా పైకి కనిపిస్తుంది. నిజానికి ఇది కులానికి, భూమికి, విజ్ఞానానికి మధ్య ఉన్న సంబంధానికి చెందిన ప్రశ్న.

పోషకాహార శాస్త్రం పేదల శరీరాలను పరిశీలించి ఎదిగింది. ఫోలిక్ ఆమ్లం జాడ మొదట దొరికింది బొంబాయి జౌళి మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనతలో. వారి తిండిలోని లోపాన్ని పట్టుకున్న ఆంగ్ల వైద్యురాలు లూసీ విల్స్, ఈస్ట్ సారంతో ఆ జబ్బు నయమవుతుందని 1931లో ప్రకటించింది. మన ప్రాంతపు చరిత్ర కూడా దీనికి భిన్నమైనది కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి డెల్టా ధాన్యాగారమైంది. మరమిల్లులు వచ్చాక తవుడుతో పాటు థయమిన్ కూడా పోయిన తెల్ల బియ్యం కూలివాడి పళ్లెంలోకి చేరింది. అన్నం తప్ప వేరే ఆధారం లేని ఇళ్లను ఉత్తర సర్కారు జిల్లాల్లో బెరిబెరి పట్టి పీడించింది. 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ ఆరంభించిన బెరిబెరి పరిశోధనే క్రమంగా విస్తరించి, 1958లో హైదరాబాదుకు తరలి, ఇవాళ జాతీయ పోషకాహార సంస్థగా నిలిచింది. వరి పండించిన చేతులకే వరి వల్ల జబ్బు చేసిన నేల ఇది.

ఆ లోటు ఇంకా తీరలేదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి, అయిదేళ్లలోపు పిల్లల్లో 63.2 శాతం మందికి రక్తహీనత ఉంది. అన్నపూర్ణ అని పేరుపడిన రాష్ట్రంలో ఇది సిగ్గుపడాల్సిన లెక్క. ఈ స్త్రీలకు ఏం తినాలో చెప్పే వృత్తిలో ఎవరున్నారు? వారి వంటింటిని ఎరిగినవారు ఎందరు?

మన ఆసుపత్రుల్లో రోగి చేతిలో పెట్టే ఆహార పట్టికలను చూడండి. పాలు, పనీర్, బాదం, మొలకెత్తిన గింజలు వాటిలో తప్పక ఉంటాయి. ఎండుచేపలు, రొయ్యపొట్టు, నత్తలు, గొడ్డుమాంసం, పందిమాంసం వాటిలో అరుదు. లంక గ్రామాల్లోనూ తీర గ్రామాల్లోనూ పేద ఇళ్లకు చవకగా దొరికే మాంసకృత్తులు, ఇనుము, సున్నం ఉన్నవి ఈ రెండో జాబితాలోనే. ఒక కులపు వంటిల్లు శాస్త్రంగా చలామణి అయి, మరో కులపు వంటిల్లు దాచుకోవలసిన రహస్యంగా మిగిలిపోయింది. ఏం తింటున్నావని డైటీషియన్ అడిగినప్పుడు దళిత స్త్రీ సగం నిజమే చెబితే, ఆ సగం నిజం మీద రాసిన పథ్యం ఏ జబ్బును నయం చేస్తుంది? కోనసీమలో అన్నదానం చేసిన డొక్కా సీతమ్మ గారి పేరును ప్రభుత్వం బడి భోజన పథకానికి పెట్టింది. అన్నం పెట్టిన చేతిని గౌరవించడం మంచిదే. అన్నం తినే బిడ్డల వాడల నుంచి ఆ భోజనాన్ని రూపొందించే నిపుణులు రావడం అంతకంటే అవసరం.

అలాంటి నిపుణురాలు కావాలనుకునే విద్యార్థినికి విదేశీ చదువు ఎందుకు, హైదరాబాదులో చదవవచ్చు కదా అని అడిగేవారున్నారు. చదవవచ్చు. కానీ చేపల చెరువులున్న కుటుంబాల పిల్లలు టెక్సాస్‌కో మెల్‌బోర్న్‌కో విమానమెక్కినప్పుడు ఈ ప్రశ్న ఎవరూ వేయరు. తిరిగి వస్తావా అని నిలదీసేది కూడా ఉపకారవేతనం కోరిన దళిత, బహుజన విద్యార్థినే. ఆసుపత్రిలో రోగుల మధ్య పర్యవేక్షణలో పొందే శిక్షణ డైటెటిక్స్‌కు ప్రాణం. దానిని అత్యున్నత ప్రమాణాలతో ఇచ్చే చోటికి వెళ్లే హక్కు ఆమెకు అందరితో సమానంగా ఉంది.

ఆ హక్కుకు మొదటి అడ్డుగోడ బ్యాంకు. చాలాకాలంగా అమల్లో ఉన్న విద్యారుణ నమూనా ప్రకారం ఏడున్నర లక్షలు దాటిన అప్పుకు ఆస్తి తనఖా పెట్టాలి. విదేశీ మాస్టర్స్ చదువు ఆ మొత్తంలో పూర్తి కాదు. డెల్టాలో మాగాణి ఎవరి పేరున ఉందో, కౌలుకు దున్నేది ఎవరో వేరే చెప్పనక్కరలేదు. కౌలుదారు చేతిలో తనఖాకు పనికొచ్చే పత్రం ఉండదు. చదువు ఖర్చు దాటినా వీసా ఉంది. బ్రిటన్ వీసాకు జీవనవ్యయపు సొమ్ము 28 రోజులు వరుసగా ఖాతాలో నిలిచి ఉన్నట్లు చూపాలి. బంధువులు ఆ 28 రోజులకు సొమ్ము సర్దగలిగిన కులాలకు అది లాంఛనం. సర్దే బంధువు లేని ఇంటికి అది వడ్డీ వ్యాపారి గుమ్మం. ప్రతిభ పేరుతో మనం లెక్కించే అంకెల్లో ఎకరాల లెక్క కూడా కలిసి ఉంది.

రెండో గోడను ప్రభుత్వమే కట్టింది. కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఇచ్చే జాతీయ విదేశీ ఉపకారవేతనాలు దేశం మొత్తానికి ఏటా 125. వీటిలో షెడ్యూల్డ్ కులాలకు 115. ఆ కొద్దిపాటి సంఖ్యకూ భరోసా లేదు. 2025-26కు ఎంపికైన 106 మందిలో మొదట 40 మందికే తాత్కాలిక మంజూరు లేఖలు ఇచ్చి, మిగతావారికి నిధుల లభ్యతను బట్టి ఇస్తామన్నారు. సెప్టెంబరులో తరగతులు మొదలయ్యే విద్యార్థికి ఆ మాట తిరస్కరణతో సమానం. మన రాష్ట్రంలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి స్థానంలో 2022లో వేరే పేరుతో పథకం వచ్చినప్పుడు అంబేద్కర్ పేరు తొలగించడంపై నిరసన వచ్చింది. ఆ నిరసన న్యాయమైనదే. కానీ అర్హతను ప్రపంచ ర్యాంకుల్లో తొలి 200 విశ్వవిద్యాలయాలకు కుదించిన మార్పుపై అంత చర్చ జరగలేదు. తరువాత సబ్జెక్టు వారీ ర్యాంకులకు మార్చినా కొలబద్ద మాత్రం ర్యాంకే.

డైటెటిక్స్ విషయంలో ఈ కొలబద్ద తలకిందులుగా పనిచేస్తుంది. బ్రిటన్‌లో డైటీషియన్ అనే పేరుకు చట్టరక్షణ ఉంది. హెచ్‌సీపీసీ ఆమోదించిన కోర్సు చదివి, అక్కడ నమోదైతేనే ఆ పేరు పెట్టుకోవాలి. అలాంటి శిక్షణ కింగ్స్ కాలేజ్ లండన్ వంటి పేరున్న సంస్థల్లో ఉన్నా, దానిని దీర్ఘకాలంగా ఇస్తున్న వాటిలో ఎడిన్‌బరోలోని క్వీన్ మార్గరెట్, గ్లాస్గో కలెడోనియన్, లీడ్స్ బెకెట్ వంటి విశ్వవిద్యాలయాలూ ఉన్నాయి. ఇవి కేంద్రం కోరే తొలి 500 ర్యాంకుల్లోకి రావు. మరోవైపు పెద్ద ర్యాంకున్న విశ్వవిద్యాలయంలో హ్యూమన్ న్యూట్రిషన్‌లో ఏడాది ఎంఎస్సీ చేస్తే ఉపకారవేతనం రావచ్చు, కానీ ఆ పట్టా ఒక్కదానితో డైటీషియన్‌గా నమోదు కాలేరు. పరిశోధనా పత్రాలను లెక్కపెట్టే ర్యాంకు, రోగి పడక పక్కన ఇచ్చే శిక్షణను లెక్కపెట్టదు. ప్రభుత్వ సొమ్ముతో వెళ్లిన అమ్మాయి వృత్తి అర్హత లేని పట్టాతో తిరిగివచ్చే ప్రమాదాన్ని నిబంధనలే సృష్టిస్తున్నాయి.

ఇక్కడే కన్సల్టెన్సీ బోర్డులు రంగంలోకి వస్తాయి. రాజమహేంద్రవరం, భీమవరం, అమలాపురం వీధుల్లో వాటికి కొదవ లేదు. న్యూట్రిషన్‌కూ డైటెటిక్స్‌కూ తేడా చెప్పడం చాలా చోట్ల వారి వ్యాపారానికి లాభం కాదు. ఇంట్లో ముందు తరం డాక్టరో, అమెరికాలో అక్కో ఉన్న విద్యార్థికి ఈ తేడా భోజనాల దగ్గరే తెలిసిపోతుంది. మొదటి తరం విద్యార్థినికి అది అప్పు చేసి చేరాక తెలుస్తుంది. కాబట్టి దరఖాస్తుకు ముందే ఆమె తేల్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి. కోర్సు ఆ దేశపు వృత్తి నియంత్రణ సంస్థ ఆమోదం పొందిందా? అమెరికా అయితే 2024 జనవరి 1 నుంచి రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్షకు మాస్టర్స్ తప్పనిసరి. ఆ కోర్సుకు ఏసెండ్ గుర్తింపు ఉందా, పర్యవేక్షణలో చేయాల్సిన శిక్షణ అందులో భాగమేనా? తిరిగి వస్తే 2021 నాటి జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కింద ఆ పట్టాకు గుర్తింపు దొరికే మార్గమేమిటి? ఈ ప్రశ్నలకు సమాధానం చెప్పే ప్రభుత్వ కార్యాలయం జిల్లాకొకటి లేకపోవడం కూడా వివక్షే.

సముద్రం దాటితే కులం వదిలిపోతుందన్న భ్రమ కూడా అక్కరలేదు. బ్రాండైస్ విశ్వవిద్యాలయం 2019లో, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022లో తమ వివక్ష వ్యతిరేక నిబంధనల్లో కులాన్ని చేర్చాయి. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. అదే ఏడాది అక్టోబరులో కాలిఫోర్నియా బిల్లును గవర్నర్ తిప్పిపంపాడు. అద్దె గదిలో ఏం వండుకుంటావన్న ప్రశ్న అక్కడా వెంటాడుతుంది. చేరబోయే విశ్వవిద్యాలయపు నిబంధనల్లో కులం అనే మాట ఉందో లేదో చూసుకోవడం ఫీజు చూసుకున్నంత ముఖ్యం.

బరోడా సంస్థానపు ఉపకారవేతనంతో 1913లో కొలంబియా చేరిన అంబేద్కర్, ఆ చదువు తనకిచ్చిన శక్తిని ఎరిగే 1942లో వైస్రాయికి ఇచ్చిన వినతిపత్రంలో షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు విజ్ఞాన, సాంకేతిక రంగాల్లో ఉన్నత విద్యకు, విదేశీ విద్యకు నిధులు కోరారు. దయ చూపమని ఆయన అడగలేదు, ప్రజాధనంలో వాటా అడిగారు. ఆ కోరికను ఇవాళ్టికి అనువదిస్తే నాలుగు నిర్ణయాలు వెంటనే అవసరం. ఆరోగ్య వృత్తుల కోర్సులకు ర్యాంకు బదులు ఆ దేశపు వృత్తి నియంత్రణ సంస్థ ఆమోదాన్ని అర్హతగా తీసుకోవాలి. ఎంపికైన ప్రతివారికీ తరగతులకు ముందే పూర్తి మంజూరు ఇవ్వాలి. తనఖా లేని కుటుంబాలకు రుణ హామీదారుగా రాష్ట్ర ప్రభుత్వమే నిలవాలి. తిరిగివచ్చినవారికి ఏరియా ఆసుపత్రుల్లో, బడి భోజన పథకంలో, ఐసీడీఎస్‌లో డైటీషియన్ పోస్టులు సృష్టించాలి. ఉద్యోగమే లేనిచోట తిరిగి రాలేదని నిందించడం న్యాయం కాదు.

సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఒక యువకుడికి అండగా నిలుస్తానని మాట ఇచ్చినప్పుడు అతని కులం అడ్డు రాలేదు. ఆ సాయం ప్రపంచానికి తిరిగి వచ్చింది. ఆ మత్స్యకార వాడల్లో, మాల మాదిగ పల్లెల్లో పుట్టిన అమ్మాయిలకు అదే మాట ఇవ్వవలసిన వంతు ఇప్పుడు ప్రభుత్వానిది.