మరణ వాంగ్మూలమును మార్పింపకుడి



క్షమాపణ అను పరిశుద్ధమైన మాటను అడ్డుపెట్టుకొని మనలో ఒక పాపము జరుగుచున్నది. భర్తచేత కాల్చబడి ఆసుపత్రి మంచముమీద పడియున్న స్త్రీయొద్దకు పెద్దలు వచ్చి, “అమ్మాయీ, జరిగిందేదో జరిగింది. వాడు జైలుకు పోతే నీ బిడ్డలకు దిక్కెవరు? స్టవ్వు పేలిందని చెప్పు. క్షమించమని ప్రభువే చెప్పాడు గదా” అందురు. ప్రార్థన చేయవచ్చిన విశ్వాసులే ఇట్లనుట మరింత విచారకరము. ఆ మంచము మైలవరములోనున్నను విజయవాడలోనున్నను, ఇది దయ కాదు, అబద్ధ సాక్ష్యము.

ఆమె మాటకు చట్టము ఎంత విలువనిచ్చినదో తెలిసికొనుడి. చనిపోయిన మనిషి తన మరణకారణమునుగూర్చి చెప్పిన మాట సాక్ష్యమగునని 1872 సాక్ష్యచట్టపు 32వ సెక్షను చెప్పెను. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమపు 26వ సెక్షనును అదే చెప్పుచున్నది. గొంతు కోయబడి మాటాడలేని యువతి చేసిన సైగలనుకూడ 1885లో అలహాబాదు హైకోర్టు అంగీకరించెను. వాంగ్మూలము సత్యమని నమ్మకము కుదిరినయెడల, వేరు సాక్ష్యము లేకున్నను శిక్ష విధింపవచ్చునని 1957లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను.

చావుకు ముందు ఇంటిలో చెప్పిన మాటకును విలువ కలదు. 1937లో పిఠాపురపు మనిషి ఒకడు తాను బరంపురము పోవుచున్నానని భార్యతో చెప్పి వెళ్లెను. కొద్ది దినములకు అతని శవము పూరీలో రైలుపెట్టెలోని ఇనుపపెట్టెలో దొరికెను. అతడు భార్యతో చెప్పిన ఆ మాట సాక్ష్యమగునని 1939లో ప్రివీ కౌన్సిలు నిర్ణయించెను. కాబట్టి “నన్ను చంపుతాడమ్మా” అని ఒక స్త్రీ మీతో చెప్పి, ఆ తరువాత చంపబడినయెడల, మీరును సాక్షులే. విన్నది చెప్పక దాచినవాడు దోషమును భరించునని లేవీయకాండము 5వ అధ్యాయము బోధించుచున్నది.

అయితే మరణించినదానిని అడ్డప్రశ్నలు వేయుటకు వీలులేదు. అందుచేత కోర్టులు ఆ మాటను జాగ్రత్తగా తూచును. ఆమె తెలివితోనుండెనా? ఎవరైన నేర్పిరా? ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్లిన ఒక కేసులో, స్పృహయున్నదని వైద్యుడు వ్రాసినది చాలదు, మనస్సు స్థిమితముగానున్నదని వ్రాయవలెనని 1999లో సుప్రీంకోర్టు వాంగ్మూలమును త్రోసివేసెను. 2002లో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, మేజిస్ట్రేటు స్వయముగా తృప్తిపడినయెడల వైద్యుని ధ్రువపత్రము లేకున్నను చెల్లునని ఆ చిక్కును విప్పెను. గాని ఉదయము ఒకటి, సాయంకాలము ఒకటి చెప్పించిన మాటల చిక్కును ఏ ధర్మాసనము విప్పగలదు? ఆ రెండవ మాటను పుట్టించినది మనమే గదా!

ప్రభువు సిలువమీద శత్రువులను క్షమించెను. మేకులు ఎవరును కొట్టలేదని చెప్పలేదు. స్తెఫను తనను కొట్టినవారికొరకు మోకాళ్లూనెను; రాళ్లు వాటంతట అవే పడెనని చెప్పలేదు. చేసిన దానికి దాని పేరు పెట్టిన తరువాతనే క్షమాపణకు చోటుండును. హేబెలు రక్తము నేలనుండి మొరపెట్టగా దేవుడు ఆలకించెను. దేవుడు ఆలకించు ఆ స్వరమును నొక్కుటకు మనమెవరము?

పుట్టింటివారికిని ఒక మాట. దుఃఖములో, కోపములో, “అత్త పేరు చెప్పు, ఆడబిడ్డ పేరు చెప్పు” అని, అక్కడలేనివారిని ఇరికించుటయు అదే పాపము. ఆమె నోట మీరు పెట్టిన పేరుతో నిరపరాధి బ్రదుకంతయు చెరసాలలో గడుపవచ్చును. తొమ్మిదవ ఆజ్ఞ రెండు కుటుంబములకును ఒక్కటే.

కావున, చదువరీ, అట్టి మంచముయొద్దకు పోయినప్పుడు ప్రార్థన చేయుము, ఓదార్చుము. మేజిస్ట్రేటు రాగానే బయటికి పొమ్ము. ఆమె అడిగినయెడల, “అమ్మా, జరిగింది జరిగినట్టు చెప్పు” అను మాట చాలును.

ఇక బిడ్డలకు దిక్కెవరని అడుగు పెద్దలారా, ఆ ప్రశ్నకు ఉత్తరమియ్యవలసినది చనిపోవుచున్న తల్లి కాదు, సంఘము. అబద్ధమాడిన తల్లి వలన ఆ బిడ్డలకు దొరకునదేమి? తల్లిని చంపిన చేతి అన్నమే గదా! మన స్త్రీలు ప్రతి పూట పిడికెడు బియ్యము తీసి దేవుని పనికి ఇచ్చుచున్నారు. మామిడికోతల కాలములో కూలినుండి కానుక తెచ్చువారు కలరు. ఆ బియ్యముతో, ఆ కానుకతో ఇద్దరు బిడ్డలను పెంచలేమా? “నీ బిడ్డలను మేము చూచుకొందుము, నీవు నిజము చెప్పు” అని ఆమె చెవిలో చెప్పగల సంఘమే ఆమెకు క్షమాపణనుగూర్చి బోధింప తగును.