లప్పం కింద ఏముందో చూశారా?

డాబా పక్కన పాకలో, కొబ్బరిమట్టల చాటున టార్పాలిన్ కప్పుకుని పడుకున్న అంబాసిడర్లు గోదావరి జిల్లాల్లో ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. తాత కొన్నది, నాన్న తిప్పింది. మనవడికి మాత్రం ఒకటే సందేహం... బాగు చేయించాలా, పాత ఇనుము కొట్టుకు తోలాలా? మరోపక్క, చిన్నప్పుడు పెళ్లిళ్లకు ఎక్కివెళ్లిన కారు మళ్లీ తమ ఇంటిముందు నిలబడాలని వెతుక్కునేవాళ్లూ ఉన్నారు. ఇద్దరి మధ్యా నడిచేది బేరం కాదు, మమకారం. చేతులు కాలేది కూడా అక్కడే!

అప్పట్లో ఇంటికారు అంటే ప్రధానంగా రెండే పేర్లు. ఒకటి అంబాసిడర్. ఇంగ్లండువారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ దీనికి మూలం. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ 1950ల చివర్లో మొదలుపెట్టి, 2014 మే దాకా తయారుచేసింది. 2017లో ఆ పేరును 80 కోట్ల రూపాయలకు ఫ్రాన్స్‌ కంపెనీ ప్యూజో కొనుక్కుంది. రెండోది ఫియట్. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ తయారుచేసిన ఈ బండి 1970ల్లో ప్రీమియర్ పద్మిని అయినా, జనం నోట ఫియట్‌గానే మిగిలింది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక ఈ రెండింటి జోరూ తగ్గుతూ వచ్చింది.

పైన పటారం...

కొనేవారు సాధారణంగా ముందు బోనెట్ ఎత్తి ఇంజన్ వినిపించమంటారు. డెల్టాలో కొనే బండికి అది రెండో పని. మొదటి పని, పాత చాప ఒకటి పరుచుకుని కారు కింద దూరడం. సముద్రపు గాలి, కాలువల తేమ, నెలల తరబడి వాన... ఇక్కడ పాత కారుకు అసలు శత్రువు తుప్పే. పైగా 1986 ఆగస్టు వరదనూ, 1996 నవంబరు తుపానునూ చూసిన బండి అయితే, ఎప్పుడైనా నీళ్లలో నిలిచిందా అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

అంబాసిడర్‌కు లారీలా విడిగా ఛాసిస్ ఉండదు. బాడీయే ఛాసిస్. నేల రేకు, తలుపుల కింద అంచులు, కమాన్ కట్టలు బిగించే చోటు... ఇవన్నీ బండి బరువు మోసేవే. అక్కడ తుప్పు పట్టిందంటే అందం పోవడం కాదు, వెన్నెముక విరిగినట్టు. కాబట్టి కాళ్లకింది మ్యాట్లు ఎత్తించండి. డిక్కీలో స్టెప్నీ తీయించి దాని కింద చూడండి. బ్యాటరీ పెట్టే తట్ట సంగతీ చూడండి. అనుమానం వచ్చినచోట స్క్రూడ్రైవర్ మొనతో నొక్కితే గట్టి రేకు ఎదురుతిరుగుతుంది, కుళ్లిన రేకు లోపలికి పోతుంది.

జేబులో చిన్న అయస్కాంతం ఉంచుకోవడం మరో ఉపాయం. మెరిసే రంగు మీద ఆనించుకుంటూ పోతే, రేకు ఉన్నచోట అంటుకుంటుంది. లప్పం మందంగా పూసినచోట జారిపోతుంది. కొత్తగా రంగు వేయించి అమ్మకానికి పెట్టిన బండి దగ్గర మరీ జాగ్రత్త. రంగు వెలిసినా రేకు గట్టిగా ఉన్న బండే మేలు. ఇంజన్ రీబోరుకు ఇంత అని మెకానిక్ ముందే చెప్పగలడు. టింకరింగ్ పని మాత్రం విప్పేకొద్దీ పెరుగుతుంది.

పొగ చెప్పే మాట

ఇంజన్ విషయంలో ఒకటే షరతు. మీరు వెళ్లేసరికి అది చల్లగా ఉండాలి. ముందే వేడిచేసి ఉంచిన ఇంజన్ తన రోగం దాచుకుంటుంది. స్టార్ట్ చేశాక సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తుంటే ఆయిల్ కాలుతున్నట్టు. పెట్రోలు బండికి నల్లపొగ అయితే కార్బురేటర్ సర్దుబాటుతో పోవచ్చు. వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే రేడియేటర్ నీళ్లు సిలిండర్లోకి దిగుతున్నాయేమో చూడాలి. స్టీరింగ్ పక్కన ఉండే హ్యాండ్ గేరు జారిపోతోందా, స్టీరింగ్ ఆట ఎంత ఉంది అన్నవి బండి నడిపితేనే తెలుస్తాయి.

కాగితాలకూ తుప్పు పడుతుంది

పదిహేనేళ్లు దాటిన కారును సర్కారు తుక్కు చేసేస్తుందని చాలామంది భయం. ఢిల్లీ పరిసరాల్లో ఉన్న వయసు ఆంక్షలు మన రాష్ట్రానికి లేవు. సొంత కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. తర్వాత తనిఖీలో నిలబడితే ఐదేసి ఏళ్లకు పొడిగిస్తారు. ఫీజే పెరిగింది. 600 రూపాయలు ఉన్నది 2022 ఏప్రిల్‌లో 5,000 అయింది. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000 చేశారు. గ్రీన్ ట్యాక్స్, గడువు దాటినందుకు పడే రుసుములు వేరే.

సి బుక్కు అట్టలు చెదలు తిని, యజమాని కాలం చేసి, వారసులు తలో ఊళ్లో ఉన్న బండి చవగ్గా దొరికినా చవక కాదు. ముందు వారసుల పేరుకు మారి, ఆ తర్వాత మీ పేరుకు రావాలి. పాత నంబరు రవాణాశాఖ కంప్యూటర్లలోకి ఎక్కిందో లేదో డబ్బు ఇచ్చేముందే కనుక్కోవాలి. మరో మెలిక... పెట్రోలు ఖర్చు భరించలేక ఆ రోజుల్లో ఎన్నో అంబాసిడర్లకు డీజిల్ ఇంజన్ మార్చారు. ఆ మార్పు సి బుక్కులో ఎక్కకపోతే ఇంజన్ నంబరు దగ్గరే తనిఖీ ఆగిపోతుంది.

యాభై ఏళ్లు దాటి, ఇంజన్, బాడీ మార్పుల్లేకుండా అసలు రూపంలో ఉన్న బండికి 2021 జులైలో వచ్చిన వింటేజ్ నిబంధనలు వేరే దారి చూపాయి. 20,000 రూపాయల ఫీజుతో పదేళ్లకు నమోదు, ‘వీఏ’ అక్షరాలున్న నంబరు. కానీ దాన్ని రోజూ రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శనలకే. వారానికోసారి అంతర్వేది వెళ్లి రావాలనుకునేవారికి మామూలు పొడిగింపే నయం.

ఇంటికొచ్చాక...

పాత బండి తిరగక చెడుతుంది. వారానికోసారి కనీసం పది కిలోమీటర్లు నడిపితే బ్యాటరీ, బ్రేకులు, సీళ్లు బాగుంటాయి. పాకలో మట్టినేల మీద నిలబెడితే కిందినుంచి చెమ్మ ఎక్కుతుంది. సిమెంటు గచ్చు మంచిది. గాలి ఆడని టార్పాలిన్ కన్నా గుడ్డ కవరు మేలు. గ్రీజు పెట్టే బొడిపెలు మరిచిపోకూడదు. రేడియేటర్లో బోరునీళ్లు వద్దు.

పాత అంబాసిడర్లకు నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. నీళ్లు నిలిచిన రోడ్డు దాటాక అవి పట్టు వదిలేస్తాయి. నెమ్మదిగా వెళుతూ బ్రేకు మీద కాలు తేలిగ్గా ఆనించి ఆరబెట్టుకోవాలి. కాలవగట్టు రోడ్ల మీద ఇది ప్రాణానికి సంబంధించిన సంగతి.

పెట్రోలు కూడా మారింది. సీసం కలిపిన పెట్రోలు 2000తో పోయింది. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసింది. అది పాతకాలపు రబ్బరు గొట్టాలను, కార్బురేటర్లోని వాషర్లను మెత్తబరుస్తుంది. గాలిలో తేమనూ లాగుతుంది. అందుకే ఇంధనం గొట్టాలన్నీ కొత్తరకం రబ్బరువి వేయించి, నెలల తరబడి ట్యాంకులో పెట్రోలు నిలవ ఉంచకుండా చూసుకోవాలి. బోనెట్ కింద పెట్రోలు వాసన వస్తే ఆ పూట బండి తీయకండి.

ఇక అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. కారును వెతికేముందు మెకానిక్‌ను వెతకండి. సామాన్లు విజయవాడ ఆటోనగర్‌లో గాలిస్తే దొరకొచ్చు. పాయింట్లు గీకి, చెవితో విని టైమింగ్ కుదిర్చే చేయి అక్కడ అమ్మరు. ఆ విద్య తెలిసినవాళ్లలో చాలామంది పెద్దవాళ్లయిపోయారు. అలాంటాయన మీ ఊరి దగ్గర ఉంటే బేరానికి వెంటబెట్టుకెళ్లండి. ఆయన కింద దూరి చూసి వద్దంటే, వెంటనే వెనక్కి వచ్చేయండి. సరేనంటే, బండి పని జరిగినన్ని రోజులూ మీ కుర్రాణ్ని ఆయన పక్కన కూర్చోబెట్టండి.