కొత్త ముఖం, పాత ప్రశ్న

మార్పు తెస్తామని వచ్చే కొత్త నాయకుని చూచి మన యువకులు ఉప్పొంగడం తప్పు కాదు. అన్ని కులాలను ఒకే పంక్తిన కూర్చోబెట్టి చాపకూడు పెట్టించిన బ్రహ్మనాయుని కథ విని పెరిగిన సీమ పల్నాడు. ఆశ ఇక్కడి మట్టిలోనే ఉన్నది.

1982లో ఎన్.టి. రామారావు పార్టీ స్థాపించి తొమ్మిది నెలలకే అధికారం చేపట్టారు. 2008లో చిరంజీవి స్థాపించిన ప్రజారాజ్యం 18 స్థానాలు గెలిచి, 2011లో కాంగ్రెసులో కలిసిపోయింది. జెండా మోసిన కుర్రవాళ్ళను ఎవరైనా అడిగారా? 2014లో జనసేన స్థాపించిన పవన్ కల్యాణ్ నేడు ఉపముఖ్యమంత్రి.

ముస్లిం కుటుంబానికి కొలబద్ద వేరు. 2007 చట్టం ఇచ్చిన 4 శాతం రిజర్వేషన్ 2010 నుండి సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుపైనే నిలిచి ఉన్నది. దానిని కాపాడతామని 2024 ఎన్నికలలో చంద్రబాబు నాయుడు మాట ఇచ్చారు. దానిని తొలగించలేదన్నది ఒప్పుకోవలసిన సంగతే. కాని 2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ బిల్లుకు తెలుగుదేశం, జనసేన రెండూ పార్లమెంటులో మద్దతు పలికాయి. సమాజం వీధిలో నిలిచి వద్దన్నా వినలేదు.

నరసరావుపేట ఎంపీ 2019లో ఒక పార్టీ పక్షాన, 2024లో మరొక పార్టీ పక్షాన గెలిచారు. కనుక నరసరావుపేటలోనైనా, మాచర్ల, గురజాలలోనైనా ఓటడగ వచ్చేవారి పార్టీ గుర్తు చూచి ఊరుకోరాదు. రిజర్వేషన్ కేసులో మీ వాదన ఏమిటి, మన వక్ఫ్ భూముల విషయమై ఏ పక్షాన ఓటు వేస్తారు అని చప్పట్లకు ముందే అడగండి. జవాబు సంతకంతో కాగితం మీద తీసుకొని మసీదు కమిటీ వద్ద భద్రపరచండి.