కానుకల సంచీ, జీతాల పుస్తకమూ

రాయపూర్ రైల్వే స్టేషనుకు దాపున, పట్టాలకు ఆవలి వైపున ఉన్న పేట గుఢియారీ. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి రైలు కొలువులను వెదుక్కొంటూ తెలుగు కుటుంబాలు ఛత్తీస్‌గఢ్ సీమకు తరలివచ్చాయి. 1930ల తొలినాళ్ళలో విజయనగరం నుంచి రాయపూర్‌కు రైలు మార్గం పూర్తి కావటంతో ఆ రాకపోకలు మరింత సులభమయ్యాయి. వచ్చినవారు తమ భాషను, పండుగలను, ప్రార్థనలను వెంట తెచ్చుకొన్నారు.

ఇటువంటి పేటలో ఒక చిన్న క్రైస్తవ సంఘాన్ని ఊహించుకొంటే అందులో ఒక చిత్రమైన వైరుధ్యం కంటబడుతుంది. కానుకల లెక్క చూసే కోశాధికారి రైల్వేలో పని చేసి విరమించినవాడు. రైల్వేలో 1957లోనే పింఛను పథకం వచ్చింది. ఆయనకు పింఛను ఉన్నది, గ్రాట్యుటీ ముట్టింది, ప్రయాణానికి పాసు ఉన్నది, జబ్బు చేస్తే రైల్వే ఆసుపత్రి ఉన్నది. ఆయన ప్రతి ఆదివారమూ ఎవరి ప్రసంగం వింటాడో ఆ పాస్టరుగారికి గాని, తెల్లవారక ముందే వచ్చి గుడి ఊడ్చి గంట కొట్టే సేవకునికి గాని ఈ నాలుగింటిలో ఒక్కటీ లేదు. కోశాధికారి చెడ్డవాడు కాడు. పండుగకు బట్టలు పెట్టిస్తాడు. జబ్బు చేస్తే తన జేబులోంచి డబ్బు తీస్తాడు. అయితే దేవుని పనికి జీతం లెక్క కట్టటమంటే ఆయనకు మొగమాటం. ఆ మొగమాటానికి వెల చెల్లించేది మాత్రం ఆయన కాదు.

ఈ మొగమాటం నిన్న మొన్న పుట్టినది కాదు. తెలుగువారి నోట జీతం అన్న మాట వెంట బత్తెం అన్న మాట కూడా వస్తుంది. పూర్వం గ్రామంలో పని చేసేవారికి కళ్ళం దగ్గర ధాన్యం కొలిచి ఇచ్చేవారు. 1866లో ఒంగోలు చేరిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఈ పద్ధతిని తొందరగా గ్రహించాడు. పల్లెలలో బోధించేవారికి అమెరికా నుంచి వచ్చే డబ్బు ఎల్లకాలం సరిపోదని, ప్రజలు తమ పాత గురువులను పోషించినట్లే తమ బోధకులను పంట నుంచి పోషించుకోవాలని ఆయన అభిప్రాయం. అదే క్లౌ 1877 కరువులో బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని కంట్రాక్టుకు తీసుకొని, ఆకలితో వచ్చిన వేలాది మందికి పని చూపాడు. తన బోధకులనే మేస్త్రీలుగా నిలబెట్టాడు. కాలువ తవ్వినవానికి రోజు కూలీ లెక్క ప్రకారం ముట్టింది. బోధకుని జీవితం మాత్రం పంట పండితే పండినట్లు, ఎండితే ఎండినట్లు నడిచింది.

తరువాతి కాలంలో దోర్నకల్ మేత్రాసనంలో ఇదే ఒక వ్యవస్థగా స్థిరపడింది. 1912లో అక్కడ బిషప్పుగా అభిషిక్తుడైన వి. ఎస్. అజరయ్య, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు. బీదవాడు కూడా ఇవ్వగలడని, ఇవ్వటం నేర్చుకొన్న సంఘమే తన కాళ్ళ మీద నిలబడగలదని ఆయన గట్టిగా నమ్మాడు. అన్నం వండే ప్రతిసారీ పిడికెడు బియ్యం విడిగా పెట్టటం, కోత పండుగకు ప్రథమ ఫలాలు తేవటం తెలుగు సంఘాలకు సుపరిచితమైన ఆచారాలు. ఇవి గొప్ప ఆచారాలనటంలో సందేహం లేదు. అయితే పిడికెడు బియ్యం ఈనాటి పూటకు సరిపోతుంది గాని, ఇరవై ఏళ్ళ తరువాతి పూటకు నిలవ ఉండదు.

రాయపూర్ సీమ కథ మరొక విధమైనది. 1868లో ఆస్కార్ లోర్ అనే జర్మన్ మిషనరీ సత్‌నామీల మధ్య పని ప్రారంభించి, విశ్రాంపూర్ అనే గ్రామాన్ని నెలకొల్పాడు. ఆ గ్రామానికి మిషనే మాల్‌గుజారు. అంటే భూమి శిస్తు వసూలు చేసేవారు, పని ఇచ్చి కూలి కొలిచేవారు, ఆదివారం వాక్యం చెప్పేవారు ఒక్కరే. అటువంటి చోట జీతం ఏది, దయ ఏది అని విడదీసి అడగటానికి పనివానికి నోరు రాదు. స్వాతంత్ర్యం తరువాత మాల్‌గుజారీ రద్దయింది. మిషనరీలు క్రమంగా వెళ్ళిపోయారు. 1970 నవంబరులో నాగపూర్‌లో ఉత్తర భారత సంఘం ఏర్పడింది. దొరగారి స్థానంలో కమిటీలు వచ్చాయి. దయ చూపే అలవాటు మాత్రం బంగళాలతో పాటు వారసత్వంగా సంక్రమించింది.

దైవసేవకుల భవిష్యత్తును లెక్కలో పెట్టవచ్చునని నిరూపించినది స్కాట్‌లండ్. అక్కడ పాదిరి చనిపోతే భార్యకు చట్టప్రకారం దక్కేది ఆరు నెలల జీతం. ఆ తరువాత సంఘం ఇచ్చిన ఇల్లు ఖాళీ చేసి పిల్లలతో వీధిన పడవలసినదే. 1740లలో ఎడింబరోలోని ఇద్దరు పాదిరీలు, రాబర్ట్ వాలెస్, అలెగ్జాండర్ వెబ్‌స్టర్, ఈ దుఃస్థితికి విరుగుడు వెదికారు. వీరిలో వెబ్‌స్టర్ ద్రాక్షసారాయి విషయంలోనూ పేరుపడ్డవాడే. అయినా లెక్కలలో అతని చెయ్యి వణకలేదు. వారు చందాలెత్తలేదు. దేశమంతటి నుంచి పాదిరీల జనన మరణాల వివరాలు తెప్పించారు. కోలిన్ మెక్‌లారిన్ అనే గణితశాస్త్రజ్ఞుని సహాయం తీసుకొన్నారు.

వారికి తేలినది ఇది: ఏ సమయంలోనైనా దేశంలో సుమారు 930 మంది పాదిరీలు జీవించి ఉంటారు. ఏటా సగటున 27 మంది మరణిస్తారు. వారిలో 18 మంది భార్యలను విడిచి పోతారు. భార్య లేకుండా పిల్లలను మాత్రమే అనాథలుగా విడిచి పోయేవారు 5 మంది. ఇక ఎవరు ఎంత కట్టాలో, వితంతువుకు ఏటా ఎంత ముట్టాలో లెక్క కట్టటమే తరువాయి. ఏటా పది పౌన్ల నుంచి ఇరవై అయిదు పౌన్ల వరకు భరణం వచ్చేటట్లు నాలుగు తరగతులు ఏర్పరచి, 1744లో పార్లమెంటు చట్టంతో నిధిని ప్రారంభించారు. 1765 నాటికి నిధిలో 58,348 పౌన్లు ఉంటాయని వారు ముందుగానే అంచనా వేశారు. ఆ ఏడు లెక్క చూస్తే 58,347 పౌన్లు ఉన్నాయి. ఇరవై ఏళ్ళ తరువాతి సంగతిని ఒక్క పౌను తేడాతో చెప్పిన ఆ ఇద్దరూ జ్యోతిష్కులు కారు. మరణం ఎవరికి ఎప్పుడు వస్తుందో దేవునికే తెలుసునన్న మాటను వారూ నమ్మారు; ఎందరికి వస్తుందో మాత్రం లెక్క కట్టుకొన్నారు. నేటి జీవిత బీమా సంస్థలు నడుస్తున్న దారి వేసినవారిలో వీరిని తప్పక చెప్పుకొంటారు. అమెరికాలో ఎపిస్కోపల్ సంఘం 1917లో బిషప్ విలియం లారెన్స్ చొరవతో పింఛను నిధిని ప్రారంభించినప్పుడు కూడా ఆధారం ఇటువంటి గణితమే.

మన దేశంలో చట్టం చాలా దూరమే వచ్చింది. 1952 భవిష్యనిధి చట్టం, 1972 గ్రాట్యుటీ చట్టం అనేక విద్యాలయాలకు, ఆసుపత్రులకు వర్తించాయి. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి వాటి స్థానాన్ని తీసుకొన్నది. పాస్టరు ఉద్యోగి అవుతాడా కాడా అన్నది మాత్రం అనేక దేశాల న్యాయస్థానాలను తికమక పెట్టిన ప్రశ్న. ఒక మెథడిస్టు బోధకురాలు ఉద్యోగి కాదని బ్రిటన్ సుప్రీం కోర్టు 2013లో తీర్పు చెప్పింది. బోధకుని సంగతి అలా ఉన్నా, మిషను ఆసుపత్రిలోని నర్సు, మిషను బడిలోని గుమాస్తా విషయంలో అటువంటి ధర్మసందేహానికి తావు లేదు. ఉపాధ్యాయుల విషయంలో కొంతకాలం సందేహం నడిచింది. గ్రాట్యుటీ చట్టం దృష్టిలో వారు ఉద్యోగులు కారని 2004లో సుప్రీం కోర్టు అన్నది. పార్లమెంటు 2009లో చట్టాన్ని సవరించి, 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తించేటట్లు చేసింది. ఆ సవరణ చెల్లుతుందని 2022 ఆగస్టులో సుప్రీం కోర్టే తేల్చింది. ఈ నడుమ పదవీ విరమణ చేసిన ఎందరో పంతుళ్ళు తమ డబ్బు కోసం కాగితాలు పట్టుకొని తిరిగారు.

గ్రాట్యుటీ లెక్క కష్టమైనది కాదు. చివరి నెల వేతనాన్ని 26తో భాగించి, 15తో హెచ్చవేసి, పని చేసిన పూర్తి సంవత్సరాలతో తిరిగి హెచ్చవేయాలి. గుఢియారీ సంఘంలో మనం ఊహించుకొన్న గుడి సేవకుడు 24 ఏళ్ళు పని చేశాడనీ, చివరి జీతం 9,000 రూపాయలనీ అనుకొంటే అతనికి రావలసినది 1,24,615 రూపాయలు. పది మంది ఉద్యోగులు లేని సంఘాన్ని ఈ నియమం బంధించదు. అయినా ఆ సంఘం స్వచ్ఛందంగా ఇవ్వదలిస్తే, నేటి జీతం మీద నెలకు సుమారు 433 రూపాయలు విడిగా పెడితే చాలును. ఇక్కడ ఒక మెలిక ఉన్నది. లెక్క చివరి జీతం మీద కాబట్టి, జీతం పెరిగినప్పుడల్లా గడచిన సంవత్సరాల బాకీ కూడా పెరుగుతుంది. వెయ్యి రూపాయలు జీతం పెంచి చప్పట్లు కొట్టే కమిటీ, వెనుకటి ఇరవై ఏళ్ళకు ఎంత జమ చేయాలో అదే సమావేశంలో చూసుకోవాలి. వాలెస్, వెబ్‌స్టర్లు చేసినది ఇదే.

భవిష్యనిధి సంగతి ఇంతకంటె సున్నితమైనది. ఉద్యోగి జీతం నుంచి కోసిన పన్నెండు శాతం సంస్థ సొమ్ము కాదు. అది అప్పటికే ఉద్యోగి సొత్తు. కోసి, నిధిలో కట్టకుండా భవన మరమ్మతుకో, సభల ఖర్చుకో వాడుకొంటే దానిని చట్టం నేరపూరితమైన నమ్మకద్రోహంగా పరిగణిస్తుంది. దేవాలయ నిర్మాణానికే వాడామన్న సమాధానం అక్కడ చెల్లదు. సంస్థ తన వాటాగా ఇచ్చే పన్నెండు శాతంలో 8.33 శాతం పింఛను పథకానికి పోతుంది. పదేళ్ళ సర్వీసు, 58 ఏళ్ళ వయస్సు నిండితే నెల నెలా కొంత చేతికి వస్తుంది. ఆ పదేళ్ళలో రెండేళ్ళు కట్టకపోతే ఉద్యోగికి ఆ సంగతి తెలిసేది 58వ ఏటనే.

ఇంటి విషయం ఎవరూ ఎత్తరు. పాస్టరుకు సంఘం ఇల్లు ఇస్తుంది. జీతం తక్కువైనా ఇల్లు ఉన్నది గదా అని అందరూ సమాధానపడతారు. ముప్పై ఏళ్ళు ఇతరుల ఇంట్లో కాపురమున్నవాడు స్వంత ఇంటికి పునాది వేసుకోలేడు. విరమణ రోజున శాలువా కప్పి, సన్మానపత్రం చదివి, తాళం చెవి అడుగుతారు. వితంతువైతే శాలువా కూడా ఉండదు. అద్దె ఇవ్వని సంఘం, ఇంటి అద్దెకు సమానమైన మొత్తంలో కొంతైనా ఆయన పేర బ్యాంకులో వేయటం దీనికి ఒక ఉపాయం. ఇది చట్టం అడిగినది కాదు.

జీతమే తమది కాదన్నవారూ ఉన్నారు. కతోలిక సన్యాసినులు, గురువులు కొందరు ప్రభుత్వ సహాయం పొందే పాఠశాలలలో పని చేస్తారు. దారిద్ర్య వ్రతం పట్టినవారు కనుక తమ జీతాన్ని మఠానికి అప్పగిస్తారు. 1944 నాటి ఒక ఆదాయపు పన్ను సర్క్యులరు ఆధారంగా వారి జీతాల నుంచి చాలాకాలం పన్ను కోయలేదు. ఈ వ్యాజ్యం చివరకు సుప్రీం కోర్టుకు చేరింది. జీతం ముందు చేతికి వచ్చి తరువాతనే మఠానికి పోతుంది గనుక పన్ను కోయవలసినదేనని 2024 నవంబరు 7న కోర్టు తేల్చింది. వ్రతం దేవునితో ఒప్పందం; జీతాల పట్టీ ప్రభుత్వంతో.

విదేశీ ధనంతో జీతాలు నడిపే రోజులు కూడా వెనుకబడ్డాయి. విదేశీ విరాళాలలో పరిపాలనా వ్యయానికి 2020కి పూర్వం సగం వరకు వాడుకోవచ్చును. ఆ ఏటి సవరణ దానిని 20 శాతానికి కుదించింది. పాఠాలు చెప్పే ఉపాధ్యాయుని, వైద్యం చేసే డాక్టరు జీతం ఆ పద్దులోకి రాదు గాని కార్యాలయ సిబ్బంది జీతాలు వస్తాయి. కనుక స్థానిక కానుకలే దిక్కు.

ఇరవై మంది ఉద్యోగులు లేని సంస్థ కూడా, యజమాన్యమూ ఉద్యోగులలో ఎక్కువ మందీ అంగీకరిస్తే భవిష్యనిధిలో స్వచ్ఛందంగా చేరవచ్చును. దానికి తీర్మానం కావాలి, నియామకపు కాగితాలు కావాలి, నెల నెలా సంతకం పెట్టే జీతాల పుస్తకం కావాలి. జీతం మరుసటి నెల ఏడవ తేదీ లోగా, నిధికి చందా పదిహేనవ తేదీ లోగా చేరాలి. ఉద్యోగికి ఇచ్చే ఖాతా సంఖ్యతో ఎంత జమ అయినదో అతడే ఫోనులో చూసుకోవచ్చును. గంట కొట్టే సేవకునికి చదువు రాకపోతే, అతని కూతురో కొడుకో చదివి వినిపిస్తారు.